మీ ఇంట్లో రెండో వంటమనిషి ఎవరు?

ముందు చిన్న పరీక్ష. మీ చిన్నాన్నగారి అమ్మాయి పెళ్లి. మూడు రోజులు మీరు ఊళ్లో ఉండరు. ఇంట్లో మీవారు, ఇంటర్ చదివే అబ్బాయి, ఎనిమిదో తరగతి అమ్మాయి, మామగారు. ఆ మూడు రోజులూ వాళ్లేం తింటారు?

ఊహించడం కష్టమేం కాదు. మొదటిరోజు మీరు తెల్లవారుజామున లేచి కలిపి పెట్టిన పులిహోర. రెండోరోజు మధ్యాహ్నం పెరుగన్నం, మాగాయ. రాత్రికి ఫోన్‌లో చెప్పి తెప్పించుకున్న బిర్యానీ. మూడోరోజుకి మామగారికి కడుపులో మంట. ఈలోగా పెళ్లిపందిట్లో మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. "ఏమోయ్, పొడుగు డబ్బాలో ఉన్నది కందిపప్పా, శనగపప్పా?" "అమ్మా, కుక్కర్ మూత పట్టట్లేదే!" ఈ గొడవలో తలంబ్రాలు మీరు చూడనేలేదు.

వాళ్లేమైనా బద్ధకస్తులా? కాదు. అబ్బాయి ఫోన్‌లో నిమిషంలో కరెంటు బిల్లు కట్టేస్తాడు. మీవారు ఆఫీసులో ఇరవై మంది చేత పని చేయిస్తారు. పొయ్యి దగ్గరకొచ్చేసరికి ఇద్దరికీ చేతులాడవు. ఎందుకంటే వాళ్లకి ఎవరూ నేర్పలేదు.

ఈ అధ్యాయంలో క్యాలరీల లెక్కలుండవు. ఏ గింజలు తినాలి, ఏవి మానాలి అన్న జాబితాలూ ఉండవు. ఒక్కటే పని పెట్టుకుందాం. మీరు లేకపోయినా నాలుగు పూటలు వండిపెట్టగల రెండో మనిషిని మీ ఇంట్లోనే తయారుచేద్దాం. ఇంటిల్లిపాది ఆరోగ్యం కోసం మీరెన్ని చదివినా, ఎన్ని వీడియోలు చూసినా, వండే చెయ్యి ఒక్కటే అయితే ఆ చేతికి జ్వరం వచ్చిన రోజున అదంతా మూలపడుతుంది.

కంచె మీంచి బర్గర్లు

జనం చేత ఇంట్లో వండించడమెలా అని ఏళ్ల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండ్ షెఫ్ జేమీ ఆలివర్. 1975లో పుట్టాడు. ఎసెక్స్‌లోని క్లేవరింగ్ అనే పల్లెలో అమ్మానాన్నలు నడిపే పబ్ వంటింట్లో చిన్నప్పుడే పనిలోకి దిగాడు. 1999లో బీబీసీలో 'ది నేకెడ్ షెఫ్' కార్యక్రమంతో పాతికేళ్లు నిండకుండానే ఇంటింటా తెలిసిన పేరైపోయాడు. ఐదుగురు పిల్లల తండ్రి. ఆయన వంటకాల సంగతి అలా ఉంచండి. మనకు పనికొచ్చేవి ఆయన తిన్న ఎదురుదెబ్బలు.

2005లో జేమీ బడిపిల్లల మధ్యాహ్న భోజనం సంగతి పట్టించుకున్నాడు. లండన్‌లోని గ్రీనిచ్ బడుల్లో అప్పట్లో ఒక్కో పిల్లకు సరుకుల ఖర్చు 37 పెన్స్. ఆ డబ్బుకి వచ్చేవి నూనెలో వేయించిన నగ్గెట్లు, చిప్స్, 'టర్కీ ట్విజ్లర్స్' అనే మెలికలు తిరిగిన మాంసం ముక్కలు. జేమీ ఈ బాగోతమంతా టీవీలో బయటపెట్టాడు. 2 లక్షల 70 వేలకు పైగా సంతకాలు పోగయ్యాయి. ప్రభుత్వం 28 కోట్ల పౌండ్లు ఇస్తామంది. ఇంకేం, గెలిచినట్టేగా?

మరుసటేడు రాథరమ్ దగ్గర రామార్ష్ అనే చోట ఒక బడిలో కొత్త మెనూ వచ్చింది. పిల్లలకు అది నచ్చలేదు. కొందరు తల్లులు బడి కంచె దగ్గర నిలబడి, పిల్లల్ని ఎవరికేం కావాలో అడిగి, బర్గర్లు, చిప్స్ తెచ్చి కంచె మీంచి అందించడం మొదలుపెట్టారు. పత్రికలు ఆ తల్లుల్ని దుమ్మెత్తిపోశాయి. జేమీ కూడా వాళ్లని ఘాటుగానే అన్నాడు. తిడితే ఎవరైనా మారతారా? మారరు సరికదా, పట్టుదల పెరుగుతుంది.

మన ఇళ్లలో జరిగేదీ ఇదే కాదూ? ఎవరో ఒకరికి ఉన్నట్టుండి ఆరోగ్యం మీద ధ్యాస పుడుతుంది. ఆదివారం ఇంటికి రెండు కిలోల కొర్రలు వస్తాయి. సోమవారం నుంచి తెల్లన్నం బంద్. బుధవారానికి పిల్లలు పక్కింటి ఆంటీ దగ్గర భోంచేసి వస్తుంటారు. కొర్రల తప్పేం లేదు పాపం. అవి వచ్చిన పద్ధతి తప్పు.

2008లో జేమీ మళ్లీ రాథరమ్‌కే వెళ్లాడు. ఈసారి తిట్లు మానేశాడు. కంచె దగ్గర నిలబడ్డ తల్లుల్లో ఒకావిడతోనే మాట కలిపి, ఆవిణ్నీ తన పనిలో కలుపుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, రేషన్ సరుకులతో ఇల్లు గడుపుకోవడం ఎలాగో జనానికి నేర్పిన బ్రిటిష్ ఆహార మంత్రిత్వశాఖ పేరే తన కార్యక్రమానికీ పెట్టుకున్నాడు. 'మినిస్ట్రీ ఆఫ్ ఫుడ్'. పద్ధతి చాలా సులువు. పొయ్యి ముట్టని కొద్దిమందిని పోగుచేసి, కొన్ని వంటలు నేర్పడం. నేర్చుకున్న ప్రతివాళ్లూ ఇంకో ఇద్దరికి నేర్పాలి.

అది ఆయన అనుకున్నంత సాఫీగా సాగలేదు. కొందరు నేర్చుకుని ఊరుకున్నారు. కానీ తిట్టినప్పుడు రానివాళ్లు, నేర్పుతానంటే వచ్చారు. మన ఇంటికి అది చాలు. ఊరంతటికీ నేర్పాల్సిన పని మనకు లేదు, ఒక్కరు నేర్చుకుంటే ఇల్లు గట్టెక్కుతుంది.

ఒక మాట ముందే చెప్పుకుందాం. జేమీకి సహాయకులుంటారు, కెమెరా ఆగగానే గిన్నెలు కడిగేవాళ్లుంటారు. 2019లో ఆయన రెస్టారెంట్లు చాలావరకు మూతబడి వెయ్యిమంది దాకా ఉద్యోగాలు పోయాయి. కాబట్టి అన్నిట్లోనూ ఆయన్ని గురువుగా పట్టుకోనక్కర్లేదు. మనకు కావలసింది ఒక్క రాథరమ్ పాఠమే. దాన్ని మన వంటింట్లోకి ఎలా తెచ్చుకోవాలో చూద్దాం.

1. ఒక మనిషి, ఒక వంట

"ఇవాళ్టి నుంచి అందరూ వంట నేర్చుకోవాలి" అని భోజనాల దగ్గర ప్రకటిస్తే ఏమవుతుంది? అందరూ తలూపుతారు. మర్నాడు ఎవరూ వంటింట్లోకి రారు. ఒక్కరిని ఎంచుకోండి. ఒక్క వంట ఎంచుకోండి.

ఏ వంట? అందరూ చేసే పొరపాటు ఇక్కడే. మీకు మంచిదనిపించిన వంట కాదు, వాళ్లు ఇష్టంగా తినే వంట. అబ్బాయికి కాకరకాయ పులుసు నేర్పబోతే వాడు ఆ రోజే మీకు దండం పెట్టేస్తాడు. కోడిగుడ్డు పొరటు ఇష్టమా? అదే మొదటి పాఠం. మామగారికి రాత్రిపూట ఉప్మా చాలా? ఆయనకి ఉప్మా. డెబ్బై ఏళ్ల మనిషికి ఇప్పుడు వంటేంటని అనుకోకండి. రిటైరైనవాళ్లంత బుద్ధిమంతులైన విద్యార్థులు దొరకరు. రవ్వ వేయించడానికి కావలసిన ఓపిక ఇంట్లో వాళ్లకొక్కరికే ఉంటుంది.

2. 'తగినంత' అనే కొలత లేదు

మీరు ఉప్పు చేత్తో వేస్తారు. ఇరవై ఏళ్ల అలవాటు. కొత్తవాళ్లకి ఆ చెయ్యి ఎక్కడిది? "కాస్త నీళ్లు, తగినంత ఉప్పు, కొంచెం వేగాక దించెయ్" అని చెప్పి, "ఇంత చెప్పినా రాలేదు" అనడం అన్యాయం.

టమాటా పప్పునే తీసుకోండి. కొత్తవాళ్లకి చెప్పాల్సింది ఇలా.

టీ గ్లాసుడు కందిపప్పు, రెండుసార్లు కడగాలి. నాలుగు టమాటాలు పెద్ద ముక్కలు, ఐదు పచ్చిమిరపకాయలు నిలువు చీలికలు, పావు చెంచా పసుపు. అదే గ్లాసుతో రెండున్నర గ్లాసుల నీళ్లు. కుక్కర్‌లో నాలుగు విజిల్స్, మధ్య మంట మీద. స్టవ్ కట్టేశాక మూత ముట్టుకోవద్దు. ఆవిరి పూర్తిగా పోయి మూత దానంతటది తేలిగ్గా వచ్చేదాకా ఆగాలి. విజిల్ ఎత్తి ఆవిరి వదిలే విద్య మీకు వచ్చినా, పిల్లల ముందు ప్రదర్శించకండి. ఉప్పు ఒక టీస్పూన్, పప్పు ఉడికాకే. చింతపండు వేసే అలవాటుంటే అదీ తర్వాతే, గోలీకాయంత, నానబెట్టి రసం తీసి. చింతపండు పులుపు ముందే పడితే పప్పు ఒక పట్టాన మెత్తబడదు. చింతపండు వేశాక ఐదు నిమిషాలు మరగనివ్వాలి.

ఇక పోపు. కొత్తవాళ్లు భయపడేదంతా ఇక్కడే కాబట్టి తీరుబడిగా చూపించండి. చిన్న మూకుడులో రెండు చెంచాల నూనె. వేడెక్కిందో లేదో తెలియాలంటే ఒక్క ఆవగింజ వేసి చూడమనండి. అది ఊరికే మునిగి కూర్చుంటే ఆగాలి, చిటపటమంటే మిగతావి వెయ్యాలి. ఆవాల చప్పుడు కాస్త తగ్గాక జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, నాలుగు చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే స్టవ్ కట్టెయ్యాలి. ఆ వేడికే ఇంగువ, కరివేపాకు. కరివేపాకు కడిగితే గుడ్డతో తుడిచి వెయ్యాలి. తడి ఆకు వేస్తే నూనె మొహం మీదకి చిందుతుంది. ఒక్కసారి చిందిందంటే చాలు, మీ విద్యార్థి వారం రోజులు వంటింటి గడప తొక్కడు.

ఇదంతా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. వాళ్ల చేతే రాయిస్తే ఇంకా మంచిది. మీరు చెప్పడం మరిచిపోయినవన్నీ రాసేటప్పుడు వాళ్లే అడుగుతారు. "మధ్య మంటంటే ఎంత?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. నాబ్ ఎంతవరకు తిప్పాలో స్టవ్ దగ్గరకు తీసుకెళ్లి చూపించండి.

అమెరికాకో ఆస్ట్రేలియాకో చదువుకి వెళ్లిన పిల్లలున్న ఇళ్లకి ఈ బాధ బాగా తెలుసు. సూట్‌కేసులో కుక్కరు, పోపు డబ్బా, ఆవకాయ సీసా అన్నీ సర్దిస్తాం. వండటం మాత్రం ఇక్కడున్నన్నాళ్లూ నేర్పం. అక్కడ మొదటి నెలంతా వీడియో కాల్‌లో "అమ్మా, ఇది వేగిందా?" అని మూకుడు చూపించడమే. ఎంతమంది తెలుగు పిల్లలు వాహ్‌చెఫ్ సంజయ్ తుమ్మ వీడియోలు చూస్తూ పరాయి దేశంలో మొదటి కూర చేసుకున్నారో! వీడియోలు మంచివే. వీసా వచ్చేదాకా ఆగడమెందుకన్నదే నా ప్రశ్న.

3. మీ చేతులు వెనక్కి

వంట నేర్పడంలో ఇదే అన్నిటికన్నా కష్టం. నేర్చుకునేవాళ్లకి కాదు, మీకు.

అమ్మాయి ఉల్లిపాయ తరుగుతోంది. ఒక్కో ముక్క ఒక్కో సైజు. మీరు చూస్తున్నారు. చెయ్యి దురదపెడుతోంది. "ఇలా ఇవ్వు, నీవల్ల కాదు గానీ, నేను చేసేస్తా." ఈ మాట ఎన్ని ఇళ్లలో ఎందరి వంటను మొదటిరోజే ముగించిందో! ఆ పూటకి ఉల్లిపాయ బాగానే తెగుతుంది. ఆ తర్వాత అమ్మాయి మళ్లీ కత్తి పట్టదు, మీరు పిలిచినా రాదు.

మరేం చెయ్యాలి? మొదటిరోజు మీరు చెయ్యండి, వాళ్లు పక్కన నిలబడి చూడాలి. రెండోరోజు అదే వంట వాళ్లు చెయ్యాలి. మీరు భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూర్చోండి. చేతులకి పని లేకపోతే ఆగలేరు కాబట్టి గోరుచిక్కుళ్లు ఈనెలు తీసుకుంటూ కూర్చోండి. మంట, కత్తి, కుక్కర్. ఈ మూడింటి దగ్గర ప్రమాదం కనిపిస్తేనే లేవండి. ముక్కలు పెద్దవైనా, ఉల్లిపాయలు కాస్త నల్లబడినా కుర్చీ వదలొద్దు.

ఉప్పెక్కువైతే? ఇంకాసిని నీళ్లు పోసి మరిగించి, నిమ్మకాయ పిండుకుని, అన్నం ఎక్కువ కలుపుకుని తినండి. తినేటప్పుడు ఎవరూ మొహాలు చూసుకోకూడదు. ఇది మీవారికి ముందే చెప్పి ఉంచండి. "బానే ఉంది గానీ మీ అమ్మ చేసినట్టు లేదు" అనే మాట పొరపాటున కూడా రాకూడదు.

పిల్లలకి ఏ వయసులో ఏ పని అని అడుగుతారు. ఏడెనిమిదేళ్లకి బీన్స్ తుంచడం, వెల్లుల్లి వలవడం, చపాతీ పిండి కలపడం. పన్నెండు దాటాక, పక్కన పెద్దవాళ్లుండగా కత్తి. స్టవ్ ఆ తర్వాత. పిల్ల చేతి నిలకడ చూసి మీరే అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఇచ్చే పని నిజమైన పని కావాలి. పాప వలిచిన వెల్లుల్లి ఆ రోజు కూరలో పడాలి. ఆట వస్తువులిచ్చి మూల కూర్చోబెడితే పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు. జేమీ కొడుకు బడ్డీ చిన్న వయసులోనే నాన్నతో కలిసి కెమెరా ముందు వండాడు, తర్వాత పిల్లల వంటల కార్యక్రమమే నడిపాడు. మన పిల్లలకి కెమెరా అక్కర్లేదు. రాత్రి భోజనాల దగ్గర "ఈ చారు ఎవరు పెట్టారో తెలుసా?" అని తాతయ్య అడిగితే చాలు.

చదువులో వెనకబడ్డ పిల్లలున్న ఇంటివాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. జేమీకి డిస్లెక్సియా ఉంది. అక్షరాలు కుదురుగా కనిపించని ఇబ్బంది. పదహారేళ్లకే బడి వదిలేసి క్యాటరింగ్ కాలేజీలో చేరాడు. మొదటిసారి ఒక నవల పూర్తిగా చదివింది 38 ఏళ్ల వయసులోనని తనే చెప్పుకున్నాడు. వంటింట్లోకి వచ్చిన ప్రతి పిల్లాడూ పెద్ద షెఫ్ అవుతాడని నేను చెప్పబోవడం లేదు. మార్కుల గొడవలో రోజంతా "రాదు, రాదు" అని వింటున్న పిల్లకి, "వచ్చింది" అనిపించే పని ఇంట్లో ఒకటుంటే మేలు. అరగంటలో ఫలితం కళ్లముందు కనిపించే పని వంటకన్నా ఏముంది?

4. స్టవ్ వెలిగించేముందే సగం వంట

2010లో జేమీ 'థర్టీ మినిట్ మీల్స్' అనే పుస్తకం తెచ్చాడు. బ్రిటన్‌లో అది విపరీతంగా అమ్ముడుపోయింది. అంతకంత ఫిర్యాదులూ వచ్చాయి. అరగంటలో అవ్వట్లేదు మహాప్రభో అని. అసలు కిటుకేమిటంటే, ఆయన గడియారం గిన్నెలూ సరుకులూ అన్నీ బల్ల మీదకి చేరాక మొదలవుతుంది. మన గడియారం ఫ్రిజ్‌లో కొత్తిమీర వెతుక్కోవడంతో మొదలవుతుంది.

అందుకే కొత్తవాళ్లకి మొదటి నియమం ఇదే పెట్టండి. అన్నీ గట్టు మీదకి వచ్చేదాకా స్టవ్ వెలగకూడదు. పప్పు కడిగి ఉండాలి, ముక్కలు తరిగి ఉండాలి, పోపు సామాను చిన్న గిన్నెలో కొలిచి ఉండాలి. నూనె కాగుతుండగా ఇంగువ డబ్బా కోసం అల్మరా ఎక్కితే పోపు మాడకుండా ఎలా ఉంటుంది?

5. పోపు డబ్బా లెక్కలోకి రాదు

2017లో వచ్చిన ఆయన ఇంకో పుస్తకం పేరు 'ఫైవ్ ఇంగ్రీడియంట్స్'. ఏ వంటకైనా ఐదే సరుకులు. ఆలివ్ నూనె, ఉప్పు, మిరియాలు, వెనిగర్ లాంటి ఎప్పుడూ ఇంట్లో ఉండేవాటిని ఆ ఐదులో లెక్కపెట్టడు. మనకీ ఆ వెసులుబాటు ఉంది. పోపు డబ్బా, ఉప్పూ కారం, నూనె లెక్క వదిలేస్తే బీరకాయ కూరకి ఏం కావాలి? బీరకాయలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పైన చల్లడానికి నువ్వుల పొడి. నాలుగే. కొత్తవాళ్ల మొదటి నాలుగు వంటలూ ఇలా ఐదు సరుకులు దాటకుండా చూసుకోండి. గుత్తివంకాయ తర్వాత నేర్చుకోవచ్చు.

సరుకు లేకపోతే? 2020 లాక్‌డౌన్‌లో కెమెరావాళ్లు ఇంటికి రాలేని పరిస్థితుల్లో జేమీ తన ఇంట్లోంచే వంటలు చూపించాడు, భార్య జూల్స్ ఫోన్‌తో షూట్ చేసింది. ఇది లేకపోతే అది వేసుకోండి అన్నదే ఆ కార్యక్రమమంతా. ఈ విషయంలో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. టమాటా కిలో వంద దాటిందా? దోసకాయ పప్పు. ఎండాకాలమా? మామిడికాయ. తొలకరి పడిందా? చింతచిగురు. ఏమీ లేవా? చింతపండూ పచ్చిమిర్చీ వేసి పప్పు. పద్ధతి ఒక్కటే, పులుపు మారుతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మీ విద్యార్థికి ఒక పప్పుతో పాటు ఐదారు పప్పులు వచ్చేసినట్టే.

6. భయపెట్టి మాన్పించలేరు

జేమీ 2009లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో హంటింగ్టన్ అనే ఊరికి వెళ్లాడు. చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, మంచి మాంసమంతా తీసేశాక మిగిలిన కోడి ఎముకల గూడు, చర్మం మిక్సీలో వేసి తిప్పాడు. పిల్లలు "ఛీ ఛీ" అన్నారు. ఆ ముద్దని జల్లించి, పిండి కలిపి, బిళ్లలు చేసి వేయించాడు. "ఇప్పుడు ఎవరు తింటారు?" అని అడిగితే, ఇందాక ఛీ అన్న పిల్లలే టకటకా చేతులెత్తేశారు! పాపం, ఆ క్షణంలో ఆయన మొహం చూడాలి.

మీ ఇంటి వాట్సాప్ గ్రూపులో "మైదా పేగులకి అంటుకుపోతుంది" అనే మెసేజ్ ఎన్నిసార్లు వచ్చింది? దానివల్ల ఎవరైనా పరోటా మానేశారా? పిల్లలకి ఎదురుగా కనిపించే వాసన, రుచే సత్యం. భయపెట్టే ఓపికని వేరే పనికి వాడండి. వాళ్లనే వండనివ్వండి. తన చేత్తో వండిన బెండకాయ వేపుడుని ఏ పిల్లాడూ అంత తేలిగ్గా పక్కకి నెట్టడు. ఒకవేళ నెట్టినా కంగారుపడకండి, వచ్చే వారం మళ్లీ వండమనండి.

7. మీ నిద్ర కూడా వంటింటి సంగతే

ఇది చిన్నదే. నలభయ్యో ఏడు వచ్చేదాకా నిద్రను అసలు లెక్కచేయలేదని, ఆ తర్వాతే దాన్నీ ఒక పనిలా పట్టించుకోవడం మొదలుపెట్టానని జేమీ చెప్పాడు. మీరో? రాత్రి పదకొండుకి గట్టు తుడిచి, రేపటి దోసెల పిండి చూసి, పొద్దున్నే ఐదున్నరకి మళ్లీ స్టవ్ ముందు. రెండో మనిషి నాలుగు వంటలు నేర్చుకోగానే వారంలో ఒక రాత్రి వంట పూర్తిగా వాళ్లకి వదిలెయ్యండి. ఏ రోజో ముందే ఖాయం చేసి క్యాలెండర్ మీద రాయండి. ఆ రాత్రి మీరు వంటింట్లోకి వెళ్లకూడదు, "ఏం వండుతున్నావ్?" అని కూడా అడగకూడదు. మొదటి రెండు వారాలూ మీకే తోచదు. అలవాటైపోతుంది.

8. నేర్చుకున్నవాళ్లే నేర్పాలి

అబ్బాయికి పొరటు, టమాటా పప్పు వచ్చేశాయి. ఇప్పుడు అమ్మాయికి మీరు నేర్పకండి. వాణ్ని నేర్పమనండి. మొన్నే నేర్చుకున్నవాడికి, ఎక్కడ చెయ్యి తడబడుతుందో మీకన్నా బాగా గుర్తుంటుంది. "ఆవాలు పేలుతున్నప్పుడు వంగి చూడకే, మొహం మీద పడతాయి" అని వాడు చెప్పినంత గట్టిగా మీరు చెప్పలేరు. అన్నాచెల్లెళ్లు కాసేపు కొట్టుకుంటారు కూడా. కొట్టుకోనివ్వండి, కత్తి మాత్రం బల్ల మీద పెట్టించి.

మీరు అడగబోయే ప్రశ్నలు

*"మగపిల్లాడికి వంటేంటని మా అత్తగారు గొడవపెడతారు."* వాదించకండి. ఆవిడకి ఇష్టమైన మజ్జిగ పులుసు వాడికి ఆవిడ చేతే నేర్పించండి. గురుస్థానంలో కూర్చున్నాక ఎవరూ పాఠం వద్దనరు. పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పేదంతా మగవాళ్లేనని ఆవిడకీ తెలుసు.

*"ఇంట్లో వండేది నేను కాదు, మా ఆవిడ. ఈ అధ్యాయం నాకెందుకు?"* మీకే ముందు. ఎవరో వచ్చి నేర్పేదాకా ఎదురుచూడకండి. ఈ ఆదివారం పొద్దున్న "నాకు టమాటా పప్పు నేర్పు" అని అడగండి. "నేను వండి చూపిస్తా" అని యూట్యూబ్ చూసి మటన్ బిర్యానీతో మొదలుపెట్టే మగవాళ్లు చాలామంది. ఏడాదికోసారి బిర్యానీ చేసి ఫొటో పెట్టే మనిషి కన్నా, మంగళవారం రాత్రి చారు పెట్టే మనిషితో ఇంటికి అవసరం ఎక్కువ.

*"మాకు వంటమనిషి ఉంది కదా?"* సంక్రాంతికి ఆవిడా ఊరెళుతుంది.

*"మావారు ఉత్సాహంగా వండుతున్నారు. కానీ వంటయ్యేసరికి సింకు నిండా గిన్నెలు, గట్టంతా నూనె. అదంతా కడిగేసరికి నేనే వండుకుంటే పోయేదనిపిస్తోంది."* ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. నేర్పడంలో చివరి మెట్టు వదిలేశారన్నమాట. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకునే ఆ పావుగంట ఖాళీ సమయమే. తరిగిన పలక, కత్తి, పప్పు కడిగిన గిన్నె అప్పుడే కడిగెయ్యాలి. భోజనాలయ్యాక గట్టు తుడిచే పని కూడా వండినవాళ్లదే, కంచాలు తీసి కడగడం తిన్నవాళ్లది. ఫ్రిజ్ మీది కాగితంలో వంట కింద ఇదీ రాయించండి. పోపు మాడిన మూకుడు మాత్రం రాత్రికి రాత్రే రుద్దమని పట్టుబట్టకండి. నీళ్లు పోసి, కాస్త వంటసోడా వేసి ఒక్క పొంగు రానిచ్చి వదిలెయ్యమనండి. పొద్దున్నే పీచుతో రుద్దితే వచ్చేస్తుంది.